వేసవి మిషన్‌కు వెళ్లాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

పాస్కా పండుగ (ఈస్టర్) అయ్యాక ఏదో ఒక ఆదివారం, మన కతోలిక గుడిలో పూజ చివర ఆశీర్వాదానికి ముందు, ఫాదర్‌గారు ఒక ప్రకటన చదువుతారు. సెలవుల్లో ఊళ్లలో పిల్లలకు సత్యోపదేశం చెప్పడానికి యువతీయువకులు కావాలి, ముందు శిక్షణ ఉంటుంది, ఇష్టమున్నవాళ్లు పేర్లు ఇవ్వండి అని. ఆ ఉత్సాహంలో పేరు ఇచ్చేస్తాం. ఇంటికి వెళ్లేసరికి టెన్షన్ మొదలవుతుంది. అమ్మకు ఎలా చెప్పాలి, ఏం పట్టుకెళ్లాలి, అక్కడ ఏం అడుగుతారు, నాకు బైబిలు అంతగా రాదే అని.

నాది తెలంగాణలో నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు ఊరు. నాయన తాపీమేస్త్రీ, అమ్మ మాకున్న కొద్దిపాటి పొలం చూసుకుంటూ కూలికి వెళ్తుంది. నేను ఇలాగే వెళ్లాను. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకు శిక్షణలో సాయం చేస్తున్నాను. వచ్చేవాళ్లలో చాలామంది పాటలు బాగా పాడతారు, ప్రార్థన బాగా చేస్తారు. అయినా కొందరు మధ్యలో తిరిగి వెళ్లిపోతారు. వాళ్లకు బోధించడం రాక కాదు. ఇంట్లో సరిగ్గా చెప్పి రాకపోవడం వల్ల మనసు అక్కడే ఉండిపోతుంది. కొందరికి ఇంకొకరి ఇంట్లో ఉండడం అలవాటు లేదు. అందుకే ఈ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఇంట్లో

మన జిల్లాల్లో ఏప్రిల్ చివర, మే మొదట్లో యాసంగి వరి కోతలు. వడ్లు కల్లంలో ఎండబోయాలి, వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో కాంటా అయ్యేదాకా కావలి ఉండాలి, మబ్బు పడితే పరుగెత్తి టార్పాలిన్ కప్పాలి. సరిగ్గా అప్పుడే మనం సంచి సర్దుకుంటాం. ఇంట్లో ఒక మనిషి తక్కువైతే ఆ పని ఎవరి మీద పడుతుందో ముందు మీరే ఆలోచించండి. "దేవుని పనికి పోతున్నాను" అంటే ఇంట్లో కాదనలేరు, కానీ ఆ మాటతో అమ్మ నోరు మూయించి వెళ్లడం నాకు నచ్చదు. ప్రకటన విన్న వారంలోనే కూర్చొని మాట్లాడండి. మా కోత ఏ వారం, మిషన్ ఏ వారం, నా వంతు పని తమ్ముడు చేస్తాడా, చిన్నమ్మ కూతురు వచ్చి ఉంటుందా అన్నది తేల్చుకోండి. కోత అయ్యాక మొదలయ్యే రెండో విడత ఉంటే అందులో పేరు ఇవ్వండి. డిగ్రీ సెమిస్టర్ పరీక్షలు మే దాకా జరిగే అవకాశం ఉంది, ఎంట్రెన్సులు కూడా ఆ రోజుల్లోనే. హాల్ టికెట్ ఉన్నవాళ్లు పరీక్ష రాసి, వచ్చే ఏడు రండి.

ఆడపిల్లలకు ఇంకో మెట్టు ఉంటుంది. మా అమ్మ అడిగింది ఇదీ: "ఎండలు గిట్ల కొడుతున్నయి, ఎవరింట్ల పంటవు, ఎవరితోటి పోతవు, నాకు ఎవరు చెప్తరు?" ఇవి న్యాయమైన ప్రశ్నలు. భక్తి మాటలతో వీటికి జవాబు చెప్పలేం. ఒక కాగితం మీద రాసి ఇవ్వండి: శిక్షణ ఎక్కడ, అక్కడ చూసుకునే సిస్టర్ పేరు, ఫోన్ నంబరు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, జంటగా వచ్చేది ఎవరు, ఏ బస్సులో వెళ్లి ఏ రోజు తిరిగి వస్తారు. వీలైతే సిస్టర్‌ను గానీ, ఊళ్లో ఉండి సత్యోపదేశం చెప్పే ఉపదేశిని గానీ ఒకసారి ఇంటికి తీసుకురండి. మా ఇంట్లో వంద మాటలకంటే సిస్టర్ వచ్చి మంచం మీద కూర్చొని చాయ్ తాగుతూ అమ్మతో మాట్లాడిందే పని చేసింది.

మే 31న మరియమాత ఎలిజబెతమ్మను దర్శించిన పండుగ చేసుకుంటాం. లూకా సువార్త మొదటి అధ్యాయం తీసి ఇంట్లో అందరూ కలిసి చదవండి. ఒక పెళ్లికాని అమ్మాయి కొండప్రాంతానికి త్వరత్వరగా బయలుదేరింది, చుట్టాల ఇంట్లో దాదాపు మూడు నెలలు ఉంది, తర్వాత తన ఇంటికి తిరిగి వచ్చింది. వెళ్లడం, ఉండడం, తిరిగి రావడం, మూడూ అక్కడ రాసి ఉన్నాయి. అమ్మలకు ఈ భాగం బాగా అర్థమవుతుంది.

ఇంట్లో ఒకరు గుడికి రానివాళ్లయితే, లేదా వేరే దేవుణ్ణి మొక్కేవాళ్లయితే, కంప్యూటర్ కోర్సుకు పోతున్నానని అబద్ధం చెప్పి రావద్దు. రెండు రోజుల్లో తెలిసిపోతుంది, ఆ తర్వాత మీ మాటను గానీ గుడి మాటను గానీ ఆ ఇంట్లో నమ్మరు. అసలు ఒప్పుకోకపోతే ఆ ఏడు ఆగండి. చిన్న తెరేజమ్మ కార్మెలు మఠంలో చేరాక మిషన్ దేశాలకు ఎన్నడూ వెళ్లలేదు. అయినా 1927లో ఆమెను పునీత ఫ్రాన్సిస్ జేవియర్‌తో పాటు మిషన్‌లకు పాలకపునీతగా ప్రకటించారు. ఊళ్లో ఉండి, వెళ్లినవాళ్ల కోసం రోజూ ఒక జపమాల చెప్పేవాళ్లు కూడా ఆ పనిలో ఉన్నట్టే. ఇది ఓదార్పు మాట కాదు, నేను దీన్ని నిజంగా నమ్ముతాను.

పద్దెనిమిది నిండనివాళ్లు వేరే ఊళ్లో ఉండి సేవ చేయడం సరికాదని నా అభిప్రాయం. తల్లిదండ్రుల సంతకం ఉన్నా సరే. వాళ్లు సొంత ఊరి తరగతుల్లో పాటలు నేర్పించవచ్చు, చిన్నపిల్లలను చూసుకోవచ్చు.

కాగితాలు, సంచి

విచారణ (మన గుడి పరిధి, పారిష్) గురువు ఇచ్చే లేఖ, ఆధార్, జ్ఞానస్నాన ధ్రువపత్రం నకలు, రెండు ఫోటోలు దాదాపు ప్రతిచోటా అడుగుతారు. ఆడపిల్లలు ఆధార్ అసలు కార్డే దగ్గర పెట్టుకోండి. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు లేవు కదా, ఫోన్‌లో ఫోటో చూపిస్తే కండక్టర్ ఒప్పుకోకపోవచ్చు. అబ్బాయిలు బస్సు ఖర్చు ఎవరిస్తారో ముందే అడగండి. ఈ సేవకు జీతం ఉండదు. చాలా విచారణల్లో ప్రయాణం, భోజనం వాళ్లే చూసుకుంటారు. అడగడానికి సిగ్గుపడి, ఇంట్లో అప్పు చేయించి రావద్దు.

సంచి మోయగలిగేంత ఉండాలి. నాలుగు జతల నూలు బట్టలు, దుప్పటి, తువ్వాలు, తలకు కట్టుకునే రుమాలు, గొడుగు, సీసా, టార్చి, సబ్బు, చిన్న తాళం. ఆడపిల్లలు ప్యాడ్లు ఇంటి నుంచే సరిపడా తెచ్చుకోండి, చిన్న ఊళ్లో కిరాణా కొట్టుకు వెళ్లి అడగడం కష్టం. బైబిలు కతోలిక ప్రచురణే తీసుకురండి, 73 పుస్తకాలు ఉన్నది. వేరేది తెస్తే పూజలో చదివే తోబీతు గానీ సీరా గానీ అందులో దొరకదు. జపమాల, ఒక నోటుబుక్కు చాలు. అమ్మ పెట్టిన మామిడి తొక్కు సీసా వద్దనకండి. శిక్షణలో అందరూ పంచుకు తింటారు.

శిక్షణలో ఏం జరుగుతుంది

చీకటి ఉండగానే లేపుతారు. ఉదయ ప్రార్థన, దివ్యపూజ, టిఫిన్, తరగతులు, మధ్యాహ్నం కొంచెం విశ్రాంతి, సాయంత్రం పాటలు, నాటికలు, రాత్రి దివ్యసత్ప్రసాద ఆరాధన. ఫోన్ తీసుకొని పెట్టేస్తారు, రోజులో ఒక సమయంలో ఇస్తారు. ఆ సమయం ముందే తెలుసుకొని ఇంట్లో చెప్పండి. లేకపోతే ఫోన్ ఎత్తలేదని అమ్మ రాత్రంతా కూర్చుంటుంది. రెండు మూడు రోజులకు ఇల్లు గుర్తొచ్చి ఏడుపు వస్తుంది. అది అందరికీ వస్తుంది. సిస్టర్‌కు చెప్పండి, పక్క మంచం అమ్మాయికి చెప్పండి. ఇంటికి ఫోన్ చేసి ఏడవడం మాత్రం వద్దు, మీరు కాసేపట్లో మామూలైపోతారు గానీ అక్కడ అమ్మకు రెండు రోజులు అన్నం సహించదు.

పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకొని క్షమ అడగడానికి, ఒక రోజు కేటాయిస్తారు. ఎంతో కాలంగా వెళ్లనివాళ్లు భయపడి వరుసలో వెనక నిలబడతారు. ఎలా మొదలుపెట్టాలో మర్చిపోతే అదే మాట ఫాదర్‌గారితో అనండి, ఆయన నడిపిస్తారు. పిల్లలకు దేవుని క్షమ గురించి చెప్పబోయే మనిషి ముందు తాను ఆ క్షమ అడిగి ఉండాలి కదా.

వేదాంతం ఎక్కువగా చెబుతారని అనుకోకండి. ఒక పాఠాన్ని ఎలా తయారుచేయాలో నేర్పిస్తారు, అది జాగ్రత్తగా పట్టుకోండి. రోజుకు ఒకే సంగతి. ఆ రోజు తప్పిపోయిన కుమారుని కథ అయితే అదే కథ చెప్పాలి, అదే నాటిక వేయాలి, ఇంటికి వెళ్లేముందు అదే అడగాలి. దానికి పది ఆజ్ఞలు, ఏడు దివ్యసంస్కారాలు తగిలించవద్దు. ఐదేళ్ల పిల్ల నుంచి పద్నాలుగేళ్ల అబ్బాయి దాకా ఒకే గదిలోకి వస్తారు కాబట్టి రెండు గుంపులు చేయాల్సిందే. చిన్నవాళ్లకు సిలువ గుర్తు వేసుకోవడం, పరలోక జపం, మంగళవార్త జపం, ఒక కథ. పెద్దవాళ్లకు పూజలో ఏ భాగం ఎందుకుందో చెప్పండి, వాళ్లు అడిగే ప్రశ్నలకు సమయం ఉంచండి.

జపమాల నేర్పడానికి నేను చింతపిక్కలు వాడతాను. మన ఊళ్లలో ఆ రోజుల్లో ప్రతి ఇంటి ముందూ చింతపండు కొడుతూ ఉంటారు, పిక్కలకు కొదవ లేదు. యాభై మూడు పిక్కలు, ఆరు గులకరాళ్లు పిల్లలనే ఏరుకురమ్మని, నేల మీద జపమాల ఆకారంలో పేర్పించండి. రాయి దగ్గర పరలోక జపం, పిక్క దగ్గర మంగళవార్త జపం. ఒక్కో పిల్ల ఒక్కో పిక్క దగ్గర కూర్చొని తన వంతు జపం చెబితే, నోటికి రానివాళ్లు కూడా పక్కవాళ్లను విని నేర్చుకుంటారు. మే నెల మరియమాత మాసం కాబట్టి సాయంత్రం అదే జపమాలను ఏదో ఒక ఇంటి వాకిట్లో చెప్పించవచ్చు. జపమాల చెబుతూ ధ్యానించే క్రీస్తు, మరియమాతల జీవిత ఘట్టాలను దేవరహస్యాలు అంటాం. సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలు పెద్దవాళ్లకు వచ్చు. వెలుగు దేవరహస్యాలు 2002లో రెండవ జాన్ పాల్ పాపుగారు చేర్చినవి, ముసలమ్మలకు చాలామందికి రావు. పిల్లలు నేర్చుకొని నాయనమ్మలకు చెప్పడం చూస్తే సంతోషంగా ఉంటుంది.

తండాలకు పంపితే ఒక మాట. దేవరకొండ, చందంపేట వైపు తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, చిన్నవాళ్లకు మన తెలుగు సగమే అందుతుంది. ఒక పెద్ద పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, మీరు ఒక వాక్యం చెప్పాక తనతో చెప్పించండి. కథ నెమ్మదిగా సాగినా పరవాలేదు.

ఒకరి ఇంట్లో ఉండడం

క్రీస్తు ప్రభువు డెబ్బది ఇద్దరిని ఇద్దరిద్దరిగా పంపినప్పుడు చెప్పిన మాటలు లూకా పదో అధ్యాయంలో ఉన్నాయి. ఒకే ఇంట్లో ఉండండి, ఇల్లిల్లు మారకండి, పెట్టింది తినండి. శిక్షణలో నేను కొత్తవాళ్లతో ఈ భాగం మళ్లీ మళ్లీ చదివిస్తాను, ఎందుకంటే ఊళ్లోకి వెళ్లాక పనికొచ్చేది ఇదే. మీకు అన్నం పెట్టే ఇంటికి మీరు బరువు కాకూడదు. పొద్దున లేచి చాప చుట్టి, వాకిలి ఊడ్చి, బిందె పట్టుకొని నల్లా దగ్గరికి వెళ్లండి. వాళ్లు జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటూ మీ కోసం కోడిని కోస్తామంటే వద్దని చెప్పండి. పక్కింటివాళ్లు గొప్పగా వండారని రేపు అటు వెళ్లి కూర్చోవద్దు, మొదటి ఇంటావిడ నొచ్చుకుంటుంది.

ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను: మన గుళ్లలోకి కులం రాలేదని అనుకోవద్దు. మాల ఇల్లు, మాదిగ ఇల్లు అని మనవాళ్లలోనే తేడాలున్నాయి. ఆ ఊళ్లో మీరు ఎవరింట్లో నీళ్లు తాగారు, ఎవరింట్లో తాగలేదు అన్నది సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఏ ఇంట్లోనైనా తినలేనంటే ఈ సేవకు రావద్దు. తరగతిలో కొందరు పిల్లలు తమంతట తామే వెనక కూర్చుంటారు, వాళ్లను పేరు పెట్టి పిలిచి ముందుకు రమ్మనండి. 2022 ఆగస్టు 27న కార్డినల్ (పాపుగారి సలహాదారుల్లో ఒకరు) అయిన పూల అంతోని గారి గురించి చెప్పండి. ఆయన తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటివారు. హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్). ఆ మాట విన్నప్పుడు పిల్లల ముఖాలు మీరే చూడండి.

ఇళ్లను దర్శించినప్పుడు సర్టిఫికెట్ల ఊసు ఎత్తకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. పిల్లల చదువు, హాస్టల్ సీటు, ఉద్యోగం అన్నీ ఆ కాగితంతో ముడిపడి ఉన్నాయి. ఎవరు కాగితాల్లో ఏం రాయించుకున్నారో అడగడానికి, దాన్నిబట్టి వాళ్ల విశ్వాసాన్ని కొలవడానికి మనం ఎవరం? కుటుంబాల ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా ఇందుకే మానండి.

తరగతికి వచ్చే పిల్లలు మన విచారణ కుటుంబాల పిల్లలై ఉండాలి. వేరేవాళ్ల పిల్లలు ఆటపాటలకు పరుగెత్తుకొస్తారు. వాళ్ల అమ్మానాన్నలను కలిసి అడిగి, సరేనంటేనే కూర్చోబెట్టండి. బిస్కెట్లు, పెన్నులు ఎరగా చూపి పిలవవద్దు. ఎవరి దేవుణ్ణీ తక్కువ చేసి మాట్లాడవద్దు. ఊళ్లోకి వెళ్లిన రోజే ఉపదేశితో కలిసి సర్పంచ్‌ను కలిసి, ఏం చేయబోతున్నామో చెప్పి రండి.

పిల్లల విషయంలో

ఏ పిల్లతోనైనా, పిల్లవాడితోనైనా తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండవద్దు. తరగతి తీసుకునేటప్పుడు ఇద్దరూ ఉండాలి. కొట్టవద్దు, గుంజీలు తీయించవద్దు, సెలవుల్లో వచ్చిన పిల్లలను బడిలాగా భయపెట్టవద్దు. ఎవరైనా పిల్ల తనకు ఎవరివల్లో ఇబ్బంది కలుగుతోందని చెబితే, శ్రద్ధగా విని, ఆ రోజే మీ బాధ్యులకు తెలియజేయండి. ఎవరికీ చెప్పనని ఆ పిల్లకు మాట ఇవ్వకండి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన విషయాన్ని పోలీసులకు చెప్పాల్సిందే, దాచిపెడితే అదే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098. అది పిల్లలకు కూడా నేర్పండి. తప్పు చేసింది గుడికి సంబంధించిన మనిషైనా సరే, ఇదే పద్ధతి.

ఎండ, నీళ్లు

మన వైపు మే నెలలో నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలు మామూలే. ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పదిన్నరకల్లా పిల్లలను ఇళ్లకు పంపేయాలి. మళ్లీ ఐదు తర్వాతే ఇళ్ల దర్శనం. మధ్యాహ్నం ఆటలు వద్దు. మజ్జిగ తాగుతూ ఉండండి. నీరసంగా ఉంటే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలుపుకొని కొంచెం కొంచెంగా తాగండి. ఒళ్లు కాలుతూ చెమట ఆగిపోయినా, మాట తడబడినా అది వడదెబ్బ, 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు నీడకు చేర్చి ఒంటిని తడపండి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ నల్లా నీళ్లే అడగండి. దాబా మీద పడుకుంటే తెల్లవారి దుప్పటి, చెప్పులు దులపండి, తేళ్లుంటాయి.

తిరిగి వచ్చేటప్పుడు

నల్గొండ మేత్రాసనం (బిషప్‌గారి పరిధి) 1976లో ఏర్పడింది. అంతకుముందూ ఆ తర్వాతా ఊరూరా విశ్వాసాన్ని నిలబెట్టింది సైకిల్ మీద తిరిగిన ఉపదేశులు. మనం కొన్ని వారాలు ఉండి వచ్చేస్తాం, ఉపదేశి మాత్రం ఏడాదంతా అక్కడే ఉంటాడు. కాబట్టి చివరి రోజు ఆయనతో కూర్చోండి. వచ్చిన పిల్లల పేర్లు, వయసు, ఎవరికి ఏ జపం వచ్చింది, ఎవరు మొదటి దివ్యసత్ప్రసాదానికి తయారుగా ఉన్నారు, ఏ ఇంట్లో జబ్బుపడ్డవాళ్లున్నారు, అన్నీ రాసిన నోటుబుక్కును ఆయన చేతికి ఇవ్వండి. అందులో ఒక నకలు విచారణ గురువుకు. ఏ పిల్లలకైనా మళ్లీ వస్తామని మాట ఇచ్చి ఉంటే అది కూడా అందులో రాయండి, ఎవరు వస్తారో వాళ్లు తేలుస్తారు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు నిద్రపోండి. అన్నం పెట్టిన ఇంటికి ఫోన్ చేసి చేరుకున్నామని చెప్పండి. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు, తొలకరి పడితే పత్తి గింజలు పెట్టే పని మొదలవుతుంది. మీరు లేనప్పుడు మీ వంతు పని చేసిన తమ్ముడికి ఆ వారం సెలవు ఇచ్చి, పొలానికి మీరు వెళ్లండి.